పిల్లల భృతి అందరికా, పేదలకా, షరతులతోనా? నెల్లూరు, ప్రకాశం పల్లెల వైపు నుంచి ఒక పోలిక

బడులు తెరిచే జూన్ నెలలో మా ప్రాంతపు సచివాలయాల గోడలకు రెండు జాబితాలు అంటిస్తారు. పిల్లల్ని బడికి పంపే తల్లులకు ప్రభుత్వం ఇచ్చే డబ్బుకు ఒకటి అర్హులది, రెండోది అనర్హులది. అలాంటి ఒక గోడ ముందు, నాలుగిళ్లలో పాచిపని చేసుకుని బతికే ఒక తల్లి కొంగున దాచుకొచ్చిన ప్లాస్టిక్ కవరులోంచి కాగితాలు ఒక్కొక్కటే తీసి నాకు చూపించింది. ఆధార్ జిరాక్సు, బియ్యం కార్డు, పిల్లవాడి స్టడీ సర్టిఫికెట్టు, బ్యాంకు పాసుపుస్తకం, అన్నీ సరిగానే ఉన్నాయి. అనర్హుల జాబితాలో ఆమె పేరు ఎదుట మాత్రం కరెంటు వాడకం 300 యూనిట్లు దాటిందని రాసి ఉంది. ఆమె అద్దెకుంటున్న ఇంట్లో మూడు వాటాలకూ కలిపి ఒకటే మీటరు. ఒక ఫ్యాను, రెండు బల్బులు ఉన్న వాటాలోని తల్లికి, పక్క వాటాలోని యజమాని ఏసీ కాల్చిన యూనిట్లు కూడా లెక్కలోకి వచ్చి పడ్డాయి.

పేదరికం తగ్గించడానికి పిల్లల పేరున డబ్బు ఇవ్వాలా వద్దా అన్న వాదన ప్రపంచంలో చాలావరకు ముగిసింది. ఏ పద్ధతిలో ఇవ్వాలన్న వాదన మాత్రం సాగుతూనే ఉంది. రోజుకు 2.15 డాలర్లకన్నా తక్కువతో గడిచే ఇళ్లలో 2022 నాటికి 33 కోట్ల 30 లక్షల మంది పిల్లలు ఉన్నారని యూనిసెఫ్, ప్రపంచ బ్యాంకు కలిసి లెక్కగట్టాయి. పిల్లల కోసం ఏదో ఒక రూపంలో నగదు భృతి అందుతున్నది ప్రపంచం మొత్తం మీద నూటికి 28 మంది పిల్లలకే, తక్కువ ఆదాయ దేశాల్లోనైతే పదిమందిలో ఒకరికి కూడా అందడం లేదు. గ్రామసభలో తీర్మానం పెట్టాలనుకునే సర్పంచికి, మండల సమాఖ్యలో ఈ మాట ఎత్తాలనుకునే పొదుపు సంఘం నాయకురాలికి, విదేశంలో ఉద్యోగం చేస్తూ సొంత ఊరి పిల్లలకు నెలనెలా ఏదైనా చేయాలనుకునే వారికి ఏ పద్ధతి వైపు మొగ్గాలో తేల్చుకోవడానికి ఈ పోలిక పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు కొలతలు

నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద కొలత, ఆ పద్ధతిలో ఎవరు జారిపోతారు అన్నది. ఏ పథకంలోనైనా రెండు రకాల తప్పులు జరుగుతాయి. ఉన్నవాడికి అందడం ఒకటి, లేనివాడికి అందకపోవడం రెండోది. మొదటి తప్పు పత్రికలకు ఎక్కుతుంది, విచారణలు జరుగుతాయి, రికవరీలు జరుగుతాయి. రెండో తప్పు జరిగిన ఇంట్లో ఒక పిల్లకు పాలు తగ్గుతాయి, అంతే, బయటికి ఏమీ వినిపించదు. ఈ రెండిటినీ ఒకే తక్కెడలో పెట్టి సమానమనడం న్యాయం కాదని నేను నమ్ముతున్నాను.

రెండో కొలత డబ్బు ఎవరి చేతికి, ఎన్ని నెలలకోసారి వస్తుందన్నది. మూడోది వయసు. పిల్లకు ఆరేళ్లు నిండాక వచ్చే డబ్బు బడికి పనికొస్తుంది కానీ, రెండేళ్లలోపు పడిన పోషకాహార లోపాన్ని అది వెనక్కి తిప్పలేదు. నాలుగోది నిలకడ, అంటే ప్రభుత్వం మారినా పథకం ఉంటుందా, ధరలు పెరిగితే మొత్తం పెరుగుతుందా అన్నది. ఖర్చును చివర పెట్టాను. అది చిన్న విషయమనుకుని కాదు, ముందే దాన్ని పెడితే మిగతా కొలతల దాకా ఎవరూ రారు కాబట్టి.

అందరు పిల్లలకూ ఇచ్చే భృతి

బ్రిటన్ 1945లో కుటుంబ భృతుల చట్టం చేసి, మరుసటి ఏడాది ఆగస్టు నుంచి రెండో బిడ్డ మొదలుకొని ఒక్కొక్కరికీ వారానికి 5 షిల్లింగులు ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ డబ్బు తండ్రి జీతంలో కలపాలా, తల్లి చేతికివ్వాలా అని పార్లమెంటులో పెద్ద చర్చ జరిగి తల్లి చేతికే అని తేలింది. పోలండు 2016 ఏప్రిల్‌లో నెలకు 500 జ్లోటీలు ముఖ్యంగా రెండో బిడ్డ నుంచి మొదలుపెట్టి, 2019 జూలైకి పద్దెనిమిదేళ్లలోపు పిల్లలందరికీ విస్తరించింది. మంగోలియా 2005లో పేద పిల్లలకని మొదలుపెట్టి, పేదలెవరో తేల్చడం కుదరక 2006లో అందరికీ ఇచ్చేసింది. ఆ సొమ్ము వారికి గనుల రాబడి నుంచి వచ్చింది. చీమకుర్తి కొండల నుంచి గ్రానైటు లారీల్లో తరలిపోవడం రోజూ చూసే మనకు ఆ మాట దగ్గర ఒక్క క్షణం ఆగాలనిపిస్తుంది.

ఈ పద్ధతిలో జారిపోయేవారు తక్కువ, ఎందుకంటే నిరూపించాల్సింది బిడ్డ పుట్టిందని మాత్రమే. కరెంటు మీటరు, పొలం పాసుపుస్తకం, కారు, ఇంటి పన్ను, ఇవేవీ అడ్డురావు. పదిహేను సంపన్న దేశాల్లో ఈ తరహా భృతి ఒక్కటే పిల్లల పేదరికాన్ని సగటున అయిదు శాతం పాయింట్ల మేర తగ్గించిందని యూనిసెఫ్ 2020లో చెప్పింది. ఇంకో లాభం నిలకడ. సంపన్న ఇంటి తల్లికి కూడా అందే భృతిని తీసేయాలంటే ఏ ప్రభుత్వమైనా వెనకాడుతుంది. అయితే ఆ భరోసా అన్నివేళలా ఉండదు. మంగోలియా తన భృతిని 2010లో ఆపి 2012లో మళ్లీ తెచ్చింది. పోలండు 500 జ్లోటీలు 2024 జనవరిలో 800 అయ్యేదాకా అలాగే ఉండిపోయి, ధరల ముందు చిక్కిపోయాయి.

ఖర్చు పెద్దదే. అందుకే వయసుతో మొదలుపెట్టాలంటాను. ఆరేళ్లలోపు పిల్లలు 3,000 మంది ఉన్న మండలం ఒకటి ఊహించుకోండి. ఒక్కొక్కరికి నెలకు 500 చొప్పున ఏడాదికి కోటీ 80 లక్షల రూపాయలవుతుంది. గుడ్డు ఏడు రూపాయలనుకుంటే ఆ 500తో బిడ్డకు రోజుకు రెండు గుడ్లు పెట్టి ఇంకా కొంత మిగులుతుంది.

ఆదాయం చూసి ఇచ్చేది

పైకి చూస్తే ఇదే సబబుగా కనిపిస్తుంది, ఉన్న కాస్త సొమ్మూ లేనివాళ్లకే పెట్టాలి కదా అని. ఆదాయం కచ్చితంగా తెలిసే దేశాల్లో ఇది పనిచేస్తుంది. కెనడా 2016 జూలై నుంచి ఆరేళ్లలోపు బిడ్డకు ఏడాదికి గరిష్ఠంగా 6,400 డాలర్లు, ఆపై పదిహేడేళ్ల దాకా 5,400 డాలర్లు ఇస్తూ, ఆదాయం పెరిగేకొద్దీ తగ్గించుకుంటూ వచ్చింది. అక్కడ దాదాపు ప్రతి ఇల్లూ పన్ను రిటర్ను వేస్తుంది కాబట్టి అది సాధ్యమైంది.

మన దగ్గర కూలికి పోయే ఇంటి ఆదాయం ఏ కాగితం మీదా ఉండదు. అందువల్ల ఆదాయానికి బదులు దాని నీడల్ని కొలుస్తారు. పిల్లల చదువుకని తల్లులకు డబ్బిచ్చేందుకు మన రాష్ట్రంలో 2020 జనవరిలో మొదలైన అమ్మ ఒడి పథకంలో పల్లెల్లో నెలకు 10,000, పట్టణాల్లో 12,000 రూపాయల ఆదాయ పరిమితితో పాటు, మాగాణి 3 ఎకరాలు, మెట్ట 10 ఎకరాలు, నెలకు 300 యూనిట్లు, నాలుగు చక్రాల బండి అన్న కొలతలు పెట్టారు. ఈ కొలతల్ని మన నేల మీద పరిచి చూడండి. కోవూరు వైపు కాలువ కింద రెండున్నర ఎకరాల మాగాణి ఉన్నవాడు ఏడాదికి రెండు పంటలు పండించుకుని అర్హుడవుతాడు. పామూరు, వెలిగండ్ల వైపు వేసిన బోర్లన్నీ ఎండిపోయి, పదకొండెకరాల రాళ్ల మెట్టలో కంది కూడా సరిగ్గా పండని రైతు అనర్హుడవుతాడు. పొలం ఎక్కువున్న కొద్దీ అప్పు ఎక్కువున్న ఊళ్లు పశ్చిమ ప్రకాశంలో ఎన్నో ఉన్నాయి.

దక్షిణాఫ్రికా 1998లో మొదలుపెట్టిన భృతి ఇక్కడ మంచి పాఠం. మొదట ఏడేళ్లలోపు పిల్లలకు నెలకు 100 రాండ్లు ఇచ్చేవారు, ఇప్పుడు పద్దెనిమిదేళ్ల దాకా వస్తుంది, కోటి మందికి పైగా పిల్లలు అందుకుంటున్నారు. అక్కడా ఆదాయ పరీక్ష ఉంది, కానీ ఆ గీతను చాలా ఎత్తున గీశారు. పెంచేవారు ఒంటరివారైతే వారి ఆదాయం భృతి మొత్తానికి పది రెట్ల లోపు ఉంటే చాలు. అంతకన్నా ముఖ్యమైంది, డబ్బు తల్లికే అని కాకుండా పిల్లను ఎవరు పెంచుతుంటే వాళ్లకు ఇస్తారు. తల్లీతండ్రీ హైదరాబాదు భవన నిర్మాణ పనులకు పోయి, పిల్లల్ని అమ్మమ్మ దగ్గర వదిలిన ఇళ్లు మనకు ఎన్ని ఉన్నాయో తెలిసినవారికి ఈ ఒక్క నిబంధన విలువ తెలుస్తుంది.

ఆదాయ పరీక్ష తప్పదనుకునేవారికి నా సలహా, పేదల్ని వెతికి చేర్చే పరీక్షను వదిలి, బాగా ఉన్నవాళ్లను మాత్రమే పక్కన పెట్టే పరీక్షను అడగండి. ఆదాయపు పన్ను కట్టేవారు, పెద్ద జీతం అందుకునేవారు కాగితం మీద కనిపిస్తారు. వాళ్లను తీసేయడం సులువు, తప్పులూ తక్కువ.

షరతులతో ఇచ్చేది

మెక్సికో 1997లో, బ్రెజిల్ 2003లో ఈ పద్ధతిని ప్రపంచానికి చూపించాయి. బిడ్డ బడికి వెళ్లాలి, టీకాలు వేయించాలి, అప్పుడే తల్లి ఖాతాలో డబ్బు పడుతుంది. మెక్సికోలో ముందుగా 320 పల్లెల్లో మొదలుపెట్టి, 186 పల్లెలను పోలిక కోసం ఆపి ఉంచి కొలిచారు గనుక ఫలితం నమ్మదగినది. పై తరగతుల్లో, ముఖ్యంగా ఆడపిల్లల చేరికలు పెరిగాయి. అంత పేరున్న ఆ పథకాన్ని 2019లో ప్రభుత్వం మారాక ఎత్తేశారు.

షరతు ఎవరికి మేలు, ఎవరికి కీడు అన్నది మలావీ దేశంలోని జోంబా జిల్లాలో జరిగిన ప్రయోగం చక్కగా విడదీసి చూపింది. కొందరు అమ్మాయిలకు బడికి వస్తేనే డబ్బు, ఇంకొందరికి ఏ షరతూ లేకుండా డబ్బు ఇచ్చారు. బడి మానడం షరతు ఉన్నవారిలో ఎక్కువగా తగ్గింది. చిన్న వయసు పెళ్లిళ్లు, గర్భాలు మాత్రం షరతు లేని వారిలో బాగా తగ్గాయి, ఎందుకంటే బడి మానేసిన పిల్లలకు కూడా ఆ డబ్బు అండగా నిలిచింది. కాబట్టి మీ ఉద్దేశం హాజరు పెంచడమా, పేదరికం తగ్గించడమా అన్నది ముందే తేల్చుకోవాలి. రెండూ ఒకటి కావు.

అమ్మ ఒడిలోని 75 శాతం హాజరు నిబంధనను మన వలసల పక్కన పెట్టి చూద్దాం. సంక్రాంతి దాటగానే పశ్చిమ ప్రకాశం నుంచి కుటుంబాలు మిరప కోతలకు గుంటూరు వైపు బయల్దేరతాయి. సీజనల్ హాస్టల్ దొరికితే పిల్లలు ఊళ్లో ఆగుతారు, దొరక్కపోతే తల్లి వెంట పొలం గట్టుకు వెళతారు. హాజరు తగ్గేది వాళ్లకే, డబ్బు ఎక్కువ అవసరమైందీ వాళ్లకే. బ్రెజిల్ ఇలాంటి చోట ఒక మర్యాద పాటించింది. షరతు తప్పిన వెంటనే పేరు కొట్టేయదు. ముందు హెచ్చరిక, తరవాత చెల్లింపు నిలుపుదల అంటూ మెట్లు పెట్టి, ఈలోగా ఆ ఇంటి కష్టమేమిటో కనుక్కునే బాధ్యత మనుషుల మీద పెట్టింది. షరతు కావాలనుకునేవారు కనీసం ఆ మెట్లను అడగాలి. మొరాకోలోనైతే ఇది చదువు కోసమిచ్చే డబ్బు అని పేరు పెట్టి, హాజరు లెక్క అడక్కుండా తండ్రులకిచ్చినా బడికి వెళ్లేవారు పెరిగారు. పేరు పెట్టడం ఒక్కటే సగం పని చేసిందన్నమాట.

పన్ను రాయితీ, తిండి రూపం

పన్ను రాయితీ మన పల్లెకు పనికిరాదు, పన్ను కట్టని ఇంటికి తగ్గించడానికి ఏముంటుంది? అమెరికా 2021లో ఆ రాయితీని పన్ను కట్టని ఇళ్లకు కూడా పూర్తిగా అందేలా మార్చి, ఆరేళ్లలోపు బిడ్డకు 3,600 డాలర్ల దాకా పెంచి, ఆర్నెల్లు నెలనెలా ఇచ్చింది. అక్కడి లెక్క ప్రకారం పిల్లల పేదరికం 9.7 శాతం నుంచి 5.2కు దిగింది. మరుసటి ఏడాది ఆపేయగానే 12.4కు ఎగబాకింది.

తిండి రూపం సంగతి వేరు. 1975లో మొదలైన అంగన్‌వాడీలు, 2001 నవంబరులో సుప్రీంకోర్టు ఉత్తర్వుతో దేశమంతా తప్పనిసరైన బడి భోజనం, ఇవి నేరుగా బిడ్డ నోటికి చేరతాయి. వీటికి బదులుగా నగదు అడగడం పొరపాటు, వీటి పైన నగదు అడగాలి. సెలవుల్లో, జ్వరం వచ్చిన రోజున, రాత్రి పూట అన్నంలోకి, ఆసుపత్రికి వెళ్లే ఆటోకు అంగన్‌వాడీ గుడ్డు అక్కరకు రాదు.

ప్రాంతాన్ని చూసి, చిన్న వయసు నుంచి

నేపాల్ 2009లో చేసింది మనకు అన్నిటికన్నా దగ్గరగా ఉంది. దేశమంతటా ఇచ్చే స్తోమత లేక, బాగా వెనకబడిన కర్ణాలీ ప్రాంతంలోని అయిదేళ్లలోపు పిల్లలకూ, దేశంలోని పేద దళిత కుటుంబాల పిల్లలకూ నెలకు 200 రూపాయల చొప్పున, ఒక తల్లికి ఇద్దరి వరకూ ఇచ్చింది. తరవాత జిల్లాలు కలుపుకుంటూ పోయింది. మొత్తం చిన్నదే, కానీ భృతికి జనన నమోదు అవసరం కావడంతో ఆ పిల్లల పుట్టుక మొదటిసారి ప్రభుత్వపు పుస్తకంలోకి ఎక్కింది.

నెల్లూరు తీరంలో రొయ్యల గుంటల కాపలాకు కుటుంబంతో సహా గట్టు మీదే గుడిసె వేసుకుని ఉండే యానాది ఇళ్లకు వెళితే ఈ మాట ఎందుకు చెబుతున్నానో అర్థమవుతుంది. ఆ గుడిసెల్లో జనన ధ్రువపత్రం లేని పిల్లలు ఉన్నారు. పత్రం లేక ఆధార్ లేదు, ఆధార్ లేక జాబితా లేదు. అర్హుల జాబితాలోనే కాదు, అనర్హుల జాబితాలో కూడా వాళ్ల పేరు ఉండదు. కాలనీ మొత్తాన్ని, లేదా ఒక మండలం మొత్తాన్ని ఎంచుకుని అక్కడి ఆరేళ్లలోపు పిల్లలందరికీ ఇస్తే, పేదరికాన్ని ఇంటింటికీ నిరూపించుకునే బాధ తప్పి, నమోదు చేయించాల్సిన బరువు అధికారుల మీద పడుతుంది. గీతకు ఇవతలి ఊరికి వచ్చి అవతలి ఊరికి రాలేదన్న గొడవ మాత్రం తప్పదు.

| పద్ధతి | జారిపోయేవారు | నిలకడ | మన పల్లెకు సరిపోవడం |
|---|---|---|---|
| అందరికీ | పుట్టుక నమోదు కానివారు | చట్టంగా ఉంటే ఎక్కువ | ఆరేళ్లలోపుతో మొదలుపెడితే బాగుంటుంది |
| ఆదాయం చూసి | మెట్ట రైతులు, అద్దె ఇళ్లవారు | మధ్యస్థం | గీత ఎత్తున ఉంటేనే |
| షరతులతో | వలస పిల్లలు | ప్రభుత్వంతో మారుతుంది | మెట్ల పద్ధతి ఉంటేనే |
| పన్ను రాయితీ | దాదాపు అందరు పేదలూ | తక్కువ | సరిపోదు |
| తిండి రూపం | కేంద్రానికి దూరంగా ఉన్నవారు | ఎక్కువ | నగదుతో పాటు ఉండాలి |
| ప్రాంతం చూసి | గీత అవతలి పేదలు | మధ్యస్థం | యానాది కాలనీలకు, మెట్ట మండలాలకు బాగా |

ఇప్పుడు ఉన్నదానిలో ఖాళీ ఎక్కడ

మొదటి కాన్పుకు కేంద్ర పథకం మాతృ వందన కింద 5,000, రెండో బిడ్డ ఆడపిల్లయితే 6,000 వస్తాయి. ఆ తరవాత ఒకటో తరగతిలో చేరేదాకా ఆ బిడ్డ పేరున క్రమంగా వచ్చే నగదు ఏమీ లేదు. 2025 జూన్‌లో మొదలైన తల్లికి వందనం, ఇంటికి ఒక్కరికే ఇచ్చిన అమ్మ ఒడిలా కాకుండా చదివే ప్రతి బిడ్డకూ వర్తించడం మంచి మార్పు. ఇందులో 15,000 లెక్కకు 13,000 తల్లి ఖాతాకు, 2,000 బడి నిర్వహణకు వెళతాయి. అయినా అది మొదలయ్యేది ఒకటో తరగతి నుంచే. 2023 జూన్‌లో పడిన డబ్బు తరవాత మళ్లీ 2025 జూన్ దాకా పడకపోవడం కూడా గుర్తుంచుకోవాలి. చట్టం లేని పథకానికి ఆ ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది.

ఏడాదికోసారి మొత్తంగా ఇచ్చే డబ్బు ఫీజులకు, పుస్తకాలకు, పాత అప్పుకు పోతుంది, అందులో తప్పు లేదు. కెన్యాలో రెండు రకాలుగా ఇచ్చి చూస్తే, ఒకేసారి అందుకున్నవారు ఇంటికి రేకుల కప్పు వంటి వస్తువులు ఏర్పరచుకున్నారు, నెలనెలా అందుకున్నవారి ఇంట తిండి మెరుగైంది. చంటిబిడ్డకు నెలనెలా ఇవ్వడమే సరైనది.

మగవాళ్లు తాగేస్తారన్న భయం మన జిల్లాలో ఊరికే పుట్టలేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు అక్షరదీపం వయోజన విద్య తరగతుల్లో కూర్చుని సారా మీద తిరగబడ్డది కూలి డబ్బు ఇంటికి చేరకముందే ఆవిరవుతున్నందుకే. కానీ పలు దేశాల నగదు పథకాల మీద జరిగిన అధ్యయనాలను 2014లో ప్రపంచ బ్యాంకు పరిశోధకులు కూర్చి చూస్తే మద్యం, పొగాకు ఖర్చు పెరిగిన దాఖలా దాదాపు లేదు. తల్లి ఖాతాలో వేస్తే ఆ భయం ఇంకా తగ్గుతుంది. పిల్లల్ని ఎక్కువ కంటారన్న భయానికి ఆధారం అంతకన్నా తక్కువ. పోలండులో భృతి వచ్చిన కొన్నేళ్లకే పుట్టుకలు మళ్లీ తగ్గుముఖం పట్టాయి, మన రాష్ట్రంలో 2019-21 సర్వే నాటికే సంతాన సగటు 1.7.

ఎవరు దేని వైపు మొగ్గాలి

మీరు సర్పంచి అయితే కొత్త పథకం కోరే తీర్మానంకన్నా ముందు, అనర్హుల జాబితాను కారణాలతో సహా గ్రామసభలో పైకి చదివించండి. మీటరు కారణంగా, పొలం కారణంగా పోయిన పేర్లు అక్కడికక్కడే తేలతాయి. జనన నమోదు శిబిరం కాలనీలోనే పెట్టించండి, కూలి మానుకుని ఆఫీసుకు రమ్మంటే ఎవరూ రాలేరు.

మీరు సమాఖ్యలో ఉంటే ఆరేళ్లలోపు పిల్లలందరికీ నెలవారీ భృతి, పెంచేవారి ఖాతాలో, ధరలతో పాటు పెరిగేలా, చట్టంగా అని అడగండి. మొత్తం ఎంత అన్న దగ్గర బేరం ఆడవచ్చు. అందరికీ అన్న దగ్గర బేరం వద్దు, ఒకసారి వడపోత మొదలైతే మొదట జారిపోయేది కాలనీ పిల్లలే.

మీరు విదేశం నుంచి డబ్బు పంపేవారైతే ఊళ్లో పేదల జాబితా తయారు చేయించకండి. ఆ జాబితా ఊరి పెద్దల చుట్టూ తిరుగుతుంది. ఒక్క అంగన్‌వాడీ కేంద్రం పరిధి తీసుకోండి. అక్కడ మూడేళ్లలోపు పిల్లలు ముప్పై మంది ఉన్నారనుకుంటే నెలకు 500 చొప్పున ఏడాదికి లక్షా 80 వేలు. మూడేళ్లకు సరిపడా సొమ్ము చేతిలో పెట్టుకుని గానీ మొదలుపెట్టకండి, ఏడాది ఇచ్చి ఆపితే ఆ తల్లులు దాన్ని నమ్ముకుని చేసిన పాలవాడి ఖాతా అప్పుగా మిగులుతుంది.